ఫ్లోరిడా ఫ్లాగ్‌ఫిష్: నాచు తింటుందని కొనొచ్చా?

చేపల దుకాణాల్లో దీన్ని ‘నాచు తినే చేప’ అని అమ్ముతారు. ఆ మాట సగం వరకే నిజం. ఫ్లోరిడాలో నీరు మందగించిన కాలువల్లో, చిత్తడి గుంటల్లో బతికే ఈ కిల్లీఫిష్ (చిన్న చేపల్లో ఒక రకం; శాస్త్రీయ నామం జోర్డనెల్లా ఫ్లోరిడే) సుమారు ఆరు సెంటీమీటర్లు పెరుగుతుంది. మొక్కలకు చుట్టుకున్న దారాల్లాంటి నాచును పీకి పీకి తింటుంది. ఆ పనిలో దీనికి సాటివచ్చే చేపలు తక్కువ. తొట్టి అద్దాల మీది పచ్చ పొర, జిగురుగా పరుచుకునే నీలిపచ్చ నాచు మాత్రం దీనితో పోవు.

కడుపు నిండా మేత వేస్తే నాచు వైపే చూడదు. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో ఖాళీ అయ్యేంత స్పిరులినా (ఎండబెట్టిన నాచు పొడి) కలిసిన మేత చాలు. నాచు అయిపోయాక వేడినీళ్లలో ముంచి తీసిన పాలకూర ఇవ్వాలి. లేకపోతే లేత ఆకుల మీద పడుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి గట్టి ఆకుల మొక్కలు తట్టుకుంటాయి.

అమ్మేవాళ్లు చాలాసార్లు చెప్పనిది మగచేప కోపం గురించి. సాటి మగదాన్ని మూలకు తరుముతుంది, గప్పీల, బెట్టాల పొడవాటి రెక్కలు కొరికేస్తుంది. 60 లీటర్ల తొట్టిలో ఒక మగ, రెండు ఆడ, దట్టంగా మొక్కలు, ఒక స్పాంజ్ ఫిల్టర్ ఉంటే సరి. ఎగిరి బయట పడగలదు కాబట్టి సందుల్లేని మూత తప్పనిసరి. నీళ్లు కాస్త గట్టివైనా (ఖనిజ లవణాలు ఎక్కువున్నా), పీహెచ్ 7-8 మధ్య ఉన్నా హాయిగా ఉంటుంది. 20-26 డిగ్రీలు బాగుంటాయి.

ఎదిగిన ఆడచేపకు వీపు రెక్క వెనకభాగంలో నల్లమచ్చ ఉంటుంది. దుకాణంలో మగచేప వెలిసిపోయినట్టున్నా వదులుకోవద్దు, ఎర్రచారలూ నీలిపచ్చ మెరుపూ అది మీ తొట్టిలో కుదురుకున్నాకే తేలతాయి. పొట్ట లోపలికి పోయిన చేప జోలికి మాత్రం వెళ్లొద్దు.

గుడ్లు పెట్టించడం ఇంకా ఆనందం. కొన్ని వారాలు 18-20 డిగ్రీల్లో ఉంచి, తర్వాత 25కి మెల్లగా పెంచండి. అడుగున ఆక్రిలిక్ ఊలు కుచ్చు పడేస్తే ఆడది రోజుకు కొన్ని చొప్పున పెడుతుంది. మగదే కాపలా కాస్తుంది, అప్పుడు ఆడవాటిని కూడా తరుముతుంది కనుక వాటిని వేరే తొట్టిలోకి మార్చాలి. వారం అటూఇటూ పిల్లలు వస్తాయి. వాటికి మొదట ఇన్ఫ్యూజోరియా (నీటిలోని సూక్ష్మజీవులు), తర్వాత గుడ్ల నుంచి అప్పుడే బయటికొచ్చిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటి జీవులు) వేయాలి. పక్కన కొంచెం పచ్చ నాచు కూడా ఉండాలి.

దారపు నాచు పట్టిన, మొక్కలు నిండిన, దీనికే కేటాయించిన తొట్టికి కళ్లు మూసుకుని కొనొచ్చు. అన్నిరకాల చేపలూ కలిసి ఉండే తొట్టికైతే ఫ్లోరిడాదే అయిన బ్లూఫిన్ కిల్లీ మేలు. నాచు తగ్గించదు గానీ ఎవరి రెక్కా కొరకదు.