రెప్పల వాపు: కాపడం మాస్క్, ఫోమ్, వైప్స్, స్ప్రే వాడాక నా మాట

బ్లెఫరైటిస్ (రెప్ప అంచుల వాపు) కోసం కొన్నేళ్లుగా రకరకాల క్లెన్సర్లు వాడుతున్నాను. నన్నడిగితే, ముందుగా డబ్బు పెట్టాల్సింది కాపడం మాస్క్ మీద. ఏ ఫోమ్ కొనాలి, ఏ వైప్స్ కొనాలి అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. పగలంతా ఆఫీసు ఏసీ, స్క్రీన్. బయటికొస్తే రింగ్ రోడ్డు దుమ్ము. నాది రెండు రకాలూ కలిసిన కేసని డాక్టర్ చెప్పారు. వెంట్రుకల కుదుళ్ల దగ్గర చుండ్రులాంటి పొట్టు కడుతుంది, రెప్ప అంచులోని మెయిబోమియన్ గ్రంథులు కూడా మూసుకుపోతాయి. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుని, అంచులు ఎర్రబడి ఉండేవి. వీడియో కాల్‌లో చూసిన ప్రతిసారీ అమ్మ "ఏమే, ఏడ్చినావా?" అని కంగారుపడేది.

ఆ గ్రంథులు పై రెప్పలో 25 నుంచి 40 దాకా, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉంటాయి. కన్నీరు తొందరగా ఆరిపోకుండా పైన నూనె పొర పరిచేవి ఇవే. ఆ నూనె చిక్కబడిందంటే డిసెంబర్‌లో గిన్నెలో నెయ్యి పేరుకున్నట్టే, బయటికి రాదు. దాన్ని కరిగించాలంటే సుమారు 40 డిగ్రీల వేడి ఐదు నుంచి పది నిమిషాలు నిలవాలి. తడిగుడ్డ చూస్తుండగానే చల్లారిపోతుంది. మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే మాస్క్‌లో ఆ బాధ లేదు. కళ్ల మీద పెట్టుకునే ముందు మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకోవాలి, చురుక్కుమంటే ఆగాలి.

కాపడం అయ్యాక కళ్లు మూసుకుని, వేలికొసతో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమురుతాను. తర్వాత ఫోమ్ చుక్కంత తీసుకుని కుదుళ్ల వెంబడే అడ్డంగా రుద్దుతాను. కాపడంతో మెత్తబడిన పొట్టు అప్పుడు సులువుగా ఊడొస్తుంది. ఎండి ఉన్నప్పుడు గీకితే వెంట్రుక కూడా వచ్చేస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో బోరు ఉప్పునీళ్లు, వాటితో కడిగితే మంట. అందుకే కాచి చల్లార్చిన నీళ్లు వాడతాను. బేబీ షాంపూ కలిపిన నీళ్లు పాతకాలపు సలహా. నాకు దాంతో కళ్లు పొడిబారాయి, ఫోమే నయం.

వైప్స్ ఊరెళ్లేటప్పుడు బ్యాగులో ఉండాల్సిందే. రోజూ వాడాలంటే మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒక కంటికి వాడినదాన్ని రెండో కంటికి వాడకూడదు కూడా. హైపోక్లోరస్ యాసిడ్ స్ప్రే నాకు భలే నచ్చింది, అస్సలు మండదు. క్రిములను తగ్గిస్తుంది, కానీ పేరుకున్న పొట్టును అది ఊడగొట్టదు. ఎండ, వేడి తగిలితే దాని పస పోతుంది, సీసాను అల్మారాలో పెట్టండి.

టీ ట్రీ ఆయిల్ ఉన్న వైప్స్ అందరికీ అవసరం లేదు. డెమోడెక్స్ అనే, కంటికి కనిపించనంత చిన్న పురుగులుంటే వెంట్రుక మొదలు చుట్టూ గొట్టంలా తెల్లటి పొర కడుతుంది. డాక్టర్ స్లిట్ ల్యాంప్‌లో (కంటిని పెద్దదిగా చూపే పరికరం) చూసి చెబితేనే వాడాలి. శుద్ధ టీ ట్రీ ఆయిల్‌ను కంటి దరిదాపులకు తేవద్దు. ఆ పురుగుల కోసమే తయారైన లోటిలానర్ చుక్కలకు అమెరికాలో 2023 జులైలో అనుమతి వచ్చింది.

ఇంత చేసినా ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. ఊళ్లో పెళ్లి పనుల్లో పడి కాపడం ఆపేస్తే మళ్లీ గరగర మొదలవుతుంది. కాటుక రెప్ప లోపలి అంచుకు పెట్టడం మానేశాను, తలలో చుండ్రుకూ మందు వాడుతున్నాను, రెండింటివల్లా తేడా తెలిసింది. ఎరుపు తగ్గడంలేదని మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు అడిగి తెచ్చుకోకండి, కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదముంది. నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒకే రెప్పకు వాపు ఎన్నాళ్లకీ తగ్గకపోయినా, ఆ ఒక్కచోటే వెంట్రుకలు రాలిపోతున్నా తప్పకుండా చూపించుకోవాలి, దానికి కారణం వేరే ఉండొచ్చు.