హైదరాబాద్ నుంచి డాలస్‌కి: దుబాయ్ మీదుగానా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా?

గ్లోబు మీద హైదరాబాద్‌కీ డాలస్‌కీ దారం బిగించి పట్టుకుంటే అది దుబాయ్‌నీ తాకదు, ఫ్రాంక్‌ఫర్ట్‌నీ తాకదు. దాదాపు ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. ఆ దారం పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. కానీ ఆ దారిన మనల్ని ఎక్కించుకునే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా నడపడం మొదలుపెట్టింది గానీ, అదీ నిలవలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే.

దుబాయ్ మీదుగా వెళ్తే 2,550, ఆపైన 12,900 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,100, ఆపైన 8,250. కూడి చూడండి, రెంటికీ తేడా వంద కిలోమీటర్లు. అంటే మనకు నల్గొండ ఎంతో అంత! "గల్ఫ్ దారి చుట్టు" అనేవాళ్లకు ఈ లెక్క చెప్పినా నమ్మరు. గాల్లో గడిపే సమయం కూడా రెంటికీ ఇరవై, ఇరవై ఒక్క గంటల దగ్గరే ఉంటుంది.

అసలు తేడా ఆ గంటల్ని ఎక్కడ తెంపుతారన్న దాంట్లో ఉంది. దుబాయ్ దారిలో నాలుగు గంటలు, తర్వాత ఏకంగా పదహారు. మొదటి విమానంలో భోజనం పెట్టి ట్రేలు తీసేసరికే దిగే వేళవుతుంది, కునుకు పట్టదు. రెండో దాంట్లో పదో గంట దాటాక మోకాళ్లు మాట వినవు. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో పది, పదకొండు. మొదటి దాంట్లో ఓ నిద్ర, మధ్యలో కాస్త నడక, రెండో దాంట్లో ఇంకో నిద్ర. నాకైతే ఇదే హాయి. మోకాళ్ల నొప్పులున్న నాన్నకీ ఇదే చెప్తాను.

అమ్మ ఒక్కతే వెళ్తుంటే మాత్రం కళ్లు మూసుకుని దుబాయ్. అక్కడ డాలస్ విమానం ఎక్కే గేటు దగ్గర మనవడిని చూడ్డానికి వెళ్లే అమ్మమ్మలు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. "ఏ ఊరండీ మీది?" అని ఒకరు పలకరిస్తే చాలు, సగం భయం పోతుంది. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ అడిగి పెట్టండి. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో నడక తప్పుతుంది.

ఏ దారైనా మధ్యలో మూడు గంటలకు తక్కువ వ్యవధి ఉన్న టికెట్ చవగ్గా వచ్చినా వద్దు. రెండు వేలో మూడు వేలో తగ్గుతుందని న్యూయార్క్‌లోనో షికాగోలోనో ఇంకోసారి మారే టికెట్ అసలే వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పజెప్పాలి. ఆవకాయ డబ్బాలతో ఇరవై మూడు కిలోలు నిండిన పెట్టెలు రెండు, అమ్మ ఒక్కతే.