ఎంఆర్ఐలో పీజీ: ఉద్యోగం మానేసి చదవాలా, చేస్తూ చదవాలా?

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ స్కానింగ్ సెంటర్లలో పనిచేసే టెక్నీషియన్లు ఇద్దరు కలిస్తే ఈ మాట రాక మానదు. ఎక్స్‌రే, సీటీ చేతికొచ్చాయి, ఇక ఎంఆర్ఐలో నిలదొక్కుకోవాలి. దానికి రెండేళ్ల రెగ్యులర్ ఎమ్మెస్సీలో చేరాలా, ఉద్యోగం చేసుకుంటూనే బ్రిటన్ యూనివర్సిటీల పీజీ సర్టిఫికెట్ లాంటిది ఆన్‌లైన్‌లో చెయ్యాలా?

అసలు పీజీ ఎందుకు, మెషీన్ మీద కూర్చుంటే అదే వస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. వస్తుంది, కొంతవరకు. బ్రెయిన్, నడుము, మోకాలు అన్నిటికీ ప్రోటోకాల్స్, అంటే స్కాన్ సెట్టింగులు, మెషీన్ నడిపే కన్సోల్‌లో ముందే పెట్టి ఉంటాయి. కొన్ని నెలలు చూస్తే ఎవరైనా నడిపించగలరు. ఇబ్బందల్లా ప్రోటోకాల్ మొండికేసినప్పుడే. భుజం స్కాన్‌లో ఫ్యాట్ సప్రెషన్, అంటే ఇమేజ్‌లో కొవ్వు మెరుపును అణచడం, సరిగా పడలేదనుకోండి, అనుభవం ఉన్నవాళ్లు వెంటనే స్టిర్ అనే మరో సీక్వెన్స్ (స్కాన్ తీసే పద్ధతి) వేస్తారు. భుజం అయస్కాంతం మధ్యలో ఉండదు కాబట్టి అక్కడ ఫీల్డ్ సమానంగా ఉండదు, ఆ తేడాను స్టిర్ బాగా తట్టుకుంటుంది. మంచి పనే. కానీ అదే అలవాటులో, గడ్డలు మెరిసి కనిపించడానికి ఇచ్చే కాంట్రాస్ట్ మందు గ్యాడోలినియం ఇంజెక్షన్ ఇచ్చాక కూడా స్టిర్ వేస్తే? గ్యాడోలినియం కణజాలం టీ1ను, అంటే స్కానర్ కదిలించాక అది తిరిగి సర్దుకోవడానికి పట్టే సమయాన్ని, తగ్గిస్తుంది. స్టిర్ కొవ్వును దాని టీ1ను బట్టే పట్టుకుని అణచేస్తుంది. కాంట్రాస్ట్ తీసుకుని మెరవాల్సిన గడ్డ టీ1 కొవ్వు టీ1 దగ్గరికి వచ్చిందంటే, దాన్నీ కొవ్వుతోపాటు తుడిచేస్తుంది. ఇమేజ్ చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. గడ్డ మాత్రం కనపడదు. ఈ కారణం తెలియడానికే చదువు కావాలి.

ఆ చదువుకు రెగ్యులర్ ఎమ్మెస్సీ ఇచ్చే పెద్ద వరం తీరిక. ఫిజిక్స్‌ను పరీక్ష కోసం కాకుండా అర్థం కోసం చదవొచ్చు, ఒక థీసిస్ మీద కూర్చోవచ్చు. కాలేజీకి పెద్ద బోధనాసుపత్రి ఉంటే కేసుల రకాలూ ఎక్కువే: పక్షవాతం, వెన్నెముక టీబీ, పిల్లల మెదడు సమస్యలు, కాలేయం గడ్డలు. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ లాంటి చోట ఆసుపత్రికి నాలుగు జిల్లాల కష్టాలు వచ్చి చేరతాయి. కాబట్టి కోర్సు పేరు కన్నా ముందు దాని వెనక ఉన్న ఆసుపత్రిని చూడండి. డిగ్రీకి గుర్తింపు ఉందా అన్నదీ చూడాల్సిందే. స్కానింగ్, ల్యాబ్ టెక్నీషియన్ల లాంటి అలైడ్ హెల్త్ వృత్తులకు జాతీయ కమిషన్ వేస్తూ 2021లో పార్లమెంటు చట్టం చేసింది. రిజిస్ట్రేషన్ గట్టిపడేకొద్దీ కాగితం విలువ పెరుగుతుంది.

నష్టాలు చిన్నవి కావు. రెండేళ్లు జీతం ఆగిపోతుంది. ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు మీ మీదే ఉంటే ఇది మామూలు టెన్షన్ కాదు. ఇంకోటి, కొన్నిచోట్ల విద్యార్థులను మెషీన్ ముట్టుకోనివ్వరు, అద్దం ఇవతల నుంచి చూడటమే. అలాంటి ఎమ్మెస్సీకి నేనైతే చేరమనను.

బ్రిటన్ పద్ధతిలో పీజీ సర్టిఫికెట్ అంటే 60 క్రెడిట్లు, డిప్లొమాకు 120, పూర్తి ఎమ్మెస్సీకి 180. మెట్టు మెట్టుగా ఎక్కొచ్చు. చాలా కోర్సులకు మీరు పనిచేసే చోట స్కానర్ అందుబాటులో ఉండాలి, మీ పని చూసే సీనియర్ ఒకరుండాలి. రాత్రి చదివింది పొద్దున కన్సోల్ మీద పెట్టి చూసుకోవచ్చు, ఆ సుఖం రెగ్యులర్ కోర్సులో దొరకదు. ఫీజు పౌండ్లలో కట్టాలి. ఇంగ్లిష్‌లో పేజీలకు పేజీలు అసైన్‌మెంట్లు రాయాలి. ఆ సర్టిఫికెట్ ఒక్కటి పట్టుకుని అక్కడ రేడియోగ్రాఫర్‌గా చేరిపోవచ్చని మాత్రం అనుకోవద్దు, దానికి హెచ్‌సీపీసీ (బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తులవారిని నమోదు చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ వేరే.

భద్రత విషయంలో నాకు ఈ దారే నచ్చుతుంది. మంచి కోర్సులు మీ సెంటర్‌నే పరిశీలించి రాయమంటాయి. మన దగ్గర ఇది ఎక్కువగా నోటిమాటగానే నేర్చుకుంటాం. చీర కుచ్చిళ్లకు పిన్నీసు, మొలతాడుకు తాయెత్తు, జడలో స్లైడు: ఒక్కొక్కటీ విడిగా అడగాలి. "ఇనుము ఏమన్నా ఉందామ్మా" అంటే "లేదయ్యా" అనే చెబుతారు, పిన్నీసు వాళ్లకు గుర్తే రాదు. 2018 జనవరిలో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన మనిషి ప్రాణమే పోయింది. అలాగే 1.5 టెస్లాలో (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) ఫర్వాలేదని రాసిన పేస్‌మేకర్ 3 టెస్లాలోనూ ఫర్వాలేదనుకోవడం ప్రమాదం. స్కానర్ పంపే రేడియో తరంగాల ఫ్రీక్వెన్సీ 64 నుంచి 128 మెగాహెర్ట్జ్‌కు మారుతుంది, పేస్‌మేకర్ తీగల వెంట వేడి పుట్టే తీరే మారిపోతుంది.

డిగ్రీ ఇప్పుడే పూర్తయి, ఇంటి బరువు మీద పడనివాళ్లు మెషీన్ ముట్టుకోనిచ్చే ఆసుపత్రి ఉన్న ఎమ్మెస్సీకే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. నాలుగైదేళ్ల సర్వీసు, సంసారం ఉన్నవాళ్లకు సర్టిఫికెట్ మేలు, కానీ ఒక షరతు మీద. మీ సెంటర్లో రేడియాలజిస్ట్ ఎదురుగా కూర్చుని రిపోర్టు చేస్తున్నారా? అయితే ధైర్యంగా కట్టండి ఫీజు. "ఈ సీక్వెన్స్ ఎందుకు వేశావు, ఇది మళ్లీ తియ్యి" అని వెంటనే అనే మనిషి ఉంటేనే చదివింది చేతిలోకి దిగుతుంది. ఇమేజ్‌లన్నీ ఎక్కడో దూరంగా కూర్చుని రిపోర్టు చేసే టెలీరేడియాలజీకి వెళ్లిపోయి, రోజంతా నడుములూ మోకాళ్లే వచ్చే సెంటరైతే ముందు ఉద్యోగం మారండి, జీతం కాస్త తగ్గినా సరే. కోర్సు ఆ తర్వాత.