హన్మకొండ ఎయిర్ రైఫిల్ రేంజ్: సౌండ్ కోసం అయితే వెళ్ళకండి

ముందే చెప్పేస్తున్నా, ఢామ్మని సౌండ్ రావాలి, భుజానికి దెబ్బ తగలాలి అనుకుని వెళ్తే మీ ట్రయల్ ఫీజు 200 రూపాయలు దండగ. ఇది పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ రేంజ్. సిలిండర్‌లో కుక్కిన గాలితో 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ పోతుంది, టప్పుమని చిన్న చప్పుడొస్తుంది, అంతే. మా మేనల్లుడు మొదటి షాట్ కొట్టి, "మామా, పేలిందా?" అని నన్నే అడిగాడు.

వాడిది పబ్‌జీ పిచ్చి. ఇప్పుడు దాని పేరు బీజీఎంఐ అయినా మా ఇంట్లో ఇంకా పబ్‌జీనే. ఏ గన్‌కి ఎంత రీకాయిల్ (పేలినప్పుడు వెనక్కి తన్నడం), ఏ స్కోప్ ఎంత దూరానికి, అన్నీ నోటికొచ్చు. ఒకసారి నిజంగా పట్టుకోవాలని నెలల తరబడి నా ప్రాణం తీస్తే తీసుకెళ్ళా. అక్కడ కోచ్ సార్ ఫారం నింపకముందే అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది: "తుపాకీ మీద ఇష్టం ఎక్కడ మొదలైంది?" ఊరికే మాటలు కలపడానికి అడుగుతున్నారేమో అనుకున్నా. కాదు, చెప్పిన జవాబును బట్టే ఎవరిని ఎక్కడి నుంచి మొదలుపెట్టించాలో చూసుకుంటారు. ఫోన్‌లో గేమ్స్ ఆడి వచ్చినవాళ్ళకి మొదటి గంటలో పెల్లెట్టే ఇవ్వరు. ఖాళీ రైఫిల్‌తో నిలబడటం, ఊపిరి సగం వదిలి ఆపడం, ట్రిగ్గర్‌ని గుంజకుండా మెల్లగా నొక్కడం, ఇదే పని. వీళ్ళకి కన్ను చురుగ్గానే ఉంటుంది కానీ తొందర ఎక్కువట. మా వాడి మొహం మాడిపోయింది, ఆవలింతలు కూడా మొదలయ్యాయి. నా లెక్కలో మాత్రం ఆ గంటకే డబ్బులు గిట్టాయి.

జాతర బెలూన్ల దగ్గర మొదలైనవాళ్ళది ఇంకో రకం, నాతో సహా. ఐనవోలు మల్లన్న జాతరకి పోయిన ప్రతిసారీ నేను ఆ బెలూన్ల బోర్డు ముందు ఆగేవాణ్ణి. ఆ తుపాకుల సైట్, అంటే గురి చూసే భాగం, సరిగ్గా ఉండదని మనందరికీ తెలుసు, అందుకే ఎర్ర బెలూన్ కొట్టాలంటే పక్కనున్న పచ్చ బెలూన్‌కి గురి పెడతాం. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. సైట్ సరిచేసిన రైఫిల్‌తో కూడా నేను తెలియకుండానే పక్కకి జరుపుతున్నానని టార్గెట్ కార్డు చూసి సార్ ఇట్టే పట్టేశారు. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్ళి పడుకుని పాయింట్ 22 రైఫిల్ కాల్చిన ఒక అమ్మాయి నా పక్క లేన్‌లో ఉంది. ట్రిగ్గర్ మీద వేలు ఎలా పెట్టాలో తనకి ముందే తెలుసు, నిలబడి కొట్టడం మాత్రమే కొత్త. మా అందరికంటే తనే త్వరగా దారిలో పడింది.

2024 పారిస్ ఒలింపిక్స్ చూసి వచ్చినవాళ్ళు కూడా బాగానే ఉన్నారు. కొందరు మను భాకర్ రెండు కాంస్యాలు చూసి వస్తే, ఎక్కువమంది మాత్రం జేబులో చెయ్యి పెట్టుకుని వెండి పతకం కొట్టిన ఆ టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ కోసం! అందరూ పిస్టల్ పట్టుకోగానే ఎడమ చెయ్యి జేబులోకి పోనిచ్చి ఫొటో దిగుతారు. అది స్టైల్ కాదని, పిస్టల్‌ని ఒంటి చేత్తోనే పట్టుకోవాలన్నది రూల్ కాబట్టి రెండో చెయ్యి ఊగకుండా ఎక్కడో ఒకచోట ఆపుకోవాలని సార్ చెప్పాక నాకూ అర్థమైంది. ఆ డికెచ్‌కి అప్పటికే 50 దాటాయి, అంతకుముందే చాలా ఒలింపిక్స్ ఆడాడు అన్న సంగతి ఫొటో దిగేవాళ్ళు ఎవరూ పట్టించుకోరు.

ఇక టార్గెట్ సంగతి. పిస్టల్‌కి పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. రైఫిల్‌కి అది అర మిల్లీమీటరు చుక్క, పెన్నుతో కార్డు మీద ఒక్కసారి ఆనిస్తే పడేంత. పది మీటర్ల దూరం నుంచి దాన్ని కొట్టాలి. 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో, ఇదే పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 స్కోరుతో కాంస్యం తెచ్చాడని చిన్నప్పుడు పేపర్లో చదివి 'ఓహో' అనుకున్నా కానీ, ఆ చుక్కని కళ్ళారా చూశాకే ఆ అంకె బరువు తెలిసింది. నా కార్డు సంగతి అడక్కండి.

మా అమ్మని ఒప్పించడమే అసలు పని. ములుగు వైపు పల్లెలో పెరిగిన మనిషి. 80ల్లో, 90ల్లో అక్కడ తుపాకీ అంటే రాత్రిపూట తలుపు కొట్టేవాళ్ళ చేతిలో ఉండేదే, అన్నలైనా (నక్సలైట్లు), పోలీసులైనా. మనవడు దాన్ని ఇష్టంగా పట్టుకోవడం ఆమెకి మింగుడు పడలేదు. సార్ ఫోన్‌లో "అమ్మా, మీరు కూడా వచ్చి కూర్చోండి" అన్నారు, వచ్చింది. కొట్టనప్పుడు లోపల పెల్లెట్ లేదని తెలిసేలా ప్రతి రైఫిల్ గొట్టంలో రంగు తీగ దూర్చి ఉంచడం, ఎవరైనా గీత దాటి ముందుకెళ్తే అందరూ తుపాకులు కింద పెట్టి వెనక్కి జరగడం, నవ్వులాటకి కూడా గొట్టం మనిషి వైపు తిప్పనివ్వకపోవడం, ఇవన్నీ చూసి కాస్త కుదుటపడింది. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదని కూడా సార్ ఆమెకి ఓపిగ్గా చెప్పారు. బయటికొచ్చాక అమ్మ అన్నది ఒక్కటే: "గంతసేపు నిలబడి గొక్కటే కొట్టిండేందిరా?"

నచ్చనివీ ఉన్నాయి. కార్డుని ముందుకీ వెనక్కీ లాగే మోటారు ఒక లేన్‌లో పనిచెయ్యదు, అడిగితే "రేపు చేయిస్తాం" అంటారు, ఆ రేపు ఇంకా రాలేదు. రేకుల కప్పు కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం షూటింగ్‌కి వేసే మందపాటి జాకెట్ వేసుకుని నిలబడితే చుక్కలు కనిపిస్తాయి. అమ్మాయిలకి బట్టలు మార్చుకునే గది లేదు, ఇది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. కౌంటర్ దగ్గర కూర్చునే అబ్బాయి మొదటి వారంలోనే జాకెట్, ప్యాంట్, బూట్లు కొనమని వెంటపడతాడు. వినకండి, నెల దాకా చదును అడుగున్న మామూలు బూట్లు చాలు, జాకెట్ రేంజ్‌దే ఇస్తారు. కొనే తొందరలో ఉంటే పిల్లల ఇష్టం ఆ నెలలో ఎటు తిరుగుతుందో చూసుకోండి, మా వాడితో చేరిన ఇద్దరు అప్పటికే క్రికెట్‌కి పోయారు.

నెలకి 3500, వారానికి మూడు రోజులు, పెల్లెట్లకి వేరే. ఈ మధ్య 500 పెల్లెట్ల డబ్బా మనమే తెచ్చుకోనిస్తున్నారు, అది చవక. పోటీలకి సీరియస్‌గా తయారవ్వాలంటే ఎలక్ట్రానిక్ టార్గెట్లు కావాలి, దానికి హైదరాబాద్ పోవాల్సిందే, సార్ కూడా అదే చెప్తారు. మొదటిసారి చెయ్యి పెట్టి చూడ్డానికైతే నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆదివారం పొద్దున పోకండి, లేన్ దొరకదు. ఇంకోటి, పెల్లెట్లు సీసంవి, కాబట్టి బయట మిర్చీ బండి దగ్గరికి పోయేముందు పిల్లలతో సబ్బు పెట్టి చేతులు కడిగించండి, లోపల సబ్బు అయిపోయి ఉంటే కౌంటర్లో అడిగితే ఇస్తారు.