ఇద్దరు పడుకునే మంచానికి దూదా, ఫోమా, స్ప్రింగా?

మా ఆయనకు షిఫ్టు డ్యూటీ. కొన్ని వారాలు ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. అప్పటికి నాకూ, మా ఐదేళ్ళవాడికీ ఒక నిద్ర అయిపోయి ఉంటుంది. ఆయన ఎంత మెల్లగా వచ్చి కూర్చున్నా నాకు మెలకువ వచ్చేది. దానికి తోడు కడప ఎండలు. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండ తాగిన మిద్దె రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. అందుకే పరుపు కొనేముందు నేను చూసేవి రెండే: పక్కమనిషి కదిలితే నాకు తెలుస్తుందా, వీపు కింద చెమట పడుతుందా. మెత్తదనం సంగతి ఆ తర్వాతే.

మొదట మాకున్నది దూది పరుపు, పెళ్ళికి అమ్మవాళ్ళు కుట్టించి ఇచ్చింది. ఎండాకాలానికి దాన్ని మించింది లేదని ఇప్పటికీ అంటాను. చెమట పీలుస్తుంది. లోపల స్ప్రింగులు లేవు కాబట్టి కదలిక కూడా పెద్దగా తెలియదు. కష్టమంతా గుంటలతోనే. ఆయన 85 కిలోలు, నేను 55. రెండేళ్ళకే ఆయన వైపు తొట్టిలా దిగిపోయింది. తెల్లారేసరికి నేనూ పిల్లాడూ ఆ తొట్టిలో ఉండేవాళ్ళం, నులక మంచంలో ఇద్దరు పడుకుంటే నడిమికి జారినట్టు. దూది ఏకించి మళ్ళీ కుట్టిస్తే కొత్తదవుతుంది. కానీ పత్తికి పేరున్న ఆదోని మన సీమలోనే ఉన్నా, ఇంటి ముందుకొచ్చి దూది ఏకేవాళ్ళు మా వీధికి రావడం తగ్గిపోయింది. పైగా కూలర్ పెట్టే ఇంట్లో దూది తేమ పట్టి ముక్కవాసన వేస్తుంది, తరచూ ఎండలో వేయాల్సిందే. డబుల్ కాట్ పరుపును మిద్దె మీదికి మోయడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు పగలు నిద్రపోతుంటారు.

తర్వాత ఫోన్‌లో చూసి ఎనిమిది అంగుళాల మెమరీ ఫోమ్ తెప్పించాం. 1966లో నాసా వాళ్ళు విమానం సీట్ల కోసం తయారుచేసిన సరుకు ఇది. ఒంటి వేడికి మెత్తబడి మనిషి ఆకారానికి ఒదుగుతుంది. కదలిక విషయంలో దీనికి నూటికి నూరు మార్కులు, ఆయన వచ్చి పడుకున్నది కూడా తెలిసేది కాదు. కానీ ఒంటిని అంతగా చుట్టుకుంటే గాలి ఎక్కడినుంచి వస్తుంది? ఏప్రిల్ దాటాక అర్ధరాత్రి లేచి చూస్తే ఆయన బనియన్ పిండితే నీళ్ళొచ్చేలా ఉండేది. చల్లదనానికి జెల్ కలిపిన ఫోమ్, కూల్ జెల్ రకం తెస్తే సరిపోయేదన్నారు కొందరు. అది పడుకున్న కాసేపే చల్లగా ఉంటుంది, తర్వాత ఒంటి వేడికే వచ్చేస్తుంది. రాత్రంతా ఏసీ నడిచే ఇల్లయితే ఫోమ్ తీసుకోండి, నేను వద్దనను. ఇంకో తప్పు పూర్తిగా నాదే. మా మంచం వడ్రంగి చేసింది, పొడవు 75 అంగుళాలు. నేను కొలవకుండా 78 ఆర్డర్ పెట్టాను. మూడంగుళాలు కాళ్ళ దగ్గర బయటికి వేలాడుతూ ఉండేది. మంచం లోపలి కొలత టేపుతో తీసుకున్నాకే డబ్బు కట్టండి.

కొబ్బరిపీచు పరుపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది, ధర తక్కువ. నడుం నొప్పి ఉన్న మా అత్తకు అదే ఇష్టం. నాకు మాత్రం పక్కకు తిరిగి పడుకుంటే భుజం తిమ్మిరెక్కుతుంది.

ఇక స్ప్రింగు. ఇందులో రెండు రకాలున్నాయని షాపుకు వెళ్ళేదాకా తెలియదు. బొనెల్‌లో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి, ఒక చోట నొక్కితే చుట్టుపక్కలవి కూడా కదులుతాయి. పాకెట్ స్ప్రింగులో ప్రతి స్ప్రింగుకూ విడి గుడ్డసంచి ఉంటుంది కాబట్టి నొక్కిన చోటే దిగుతుంది. "పనుకొని చూడండక్కా, ఏం కాదు" అన్నాడు షాపబ్బాయి. నలుగురి ముందు సిగ్గుగానే ఉన్నా ఇద్దరం పడుకున్నాం. తర్వాత నీళ్ళ సీసా ఒకటి నా వైపు నిలబెట్టి, ఆయన్ని అటు దబ్బున కూర్చోమన్నాను. బొనెల్ మీద సీసా పడిపోయింది. పాకెట్ మీద లోపల నీళ్ళు కొంచెం కదిలాయి, అంతే. ధర ఎక్కువే, అయినా అదే తెచ్చాం. లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి ఫోమ్ అంత వేడెక్కదు. దాని మీద పల్చటి దూది పరుపు ఒకటి కుట్టించి వేశాను. దాన్నొక్కదాన్నే అయితే నేనే మిద్దెక్కించి ఎండలో వేసుకోగలను.

ఇద్దరి బరువుల్లో తేడా మరీ ఎక్కువైతే మూడడుగుల వెడల్పు పరుపులు రెండు, ఒకటి గట్టిది, ఒకటి మెత్తది, పక్కపక్కన వేసుకోవచ్చు. పిల్లలు లేని ఇంటికి అది మంచి పద్ధతే. మా ఇంట్లో అయితే వాడు పడుకునేది సరిగ్గా ఆ సందులోనే.

దుప్పటి విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు. పరుపు ఒకటి, కప్పుకునేవి రెండు. ఒకే పెద్ద దుప్పటిని ఇద్దరూ రాత్రంతా లాక్కోవడం దేనికి? ఆయనకు ఉక్క ఎక్కువ, పల్చటి నూలు దుప్పటి చాలు. నాకు జనవరిలో అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత లేనిదే నిద్ర రాదు. పరుపు మీద పరిచేది కూడా నూలుదే కొనండి. మైక్రోఫైబర్ దుప్పటి చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ చెమట పీల్చదు. పిల్లాడి కోసం పరుపుకు వాటర్‌ప్రూఫ్ కవర్ వేయాలనుకుంటే మొత్తానికీ వేయకండి, అడుగున ప్లాస్టిక్ పొర ఉన్నది అందరికీ వేడి పుట్టిస్తుంది. నేను వాడు పడుకునే మేర మాత్రం చిన్న ముక్క పరుస్తాను. ఒక్కోసారి వాడు దొర్లుకుంటూ వాళ్ళ నాన్న వైపు వెళ్ళిపోతాడు, ఆ రోజు పొద్దున్నే ఉతుకుడు పని ఆయనదే.