మెడ నుంచి కిందికి అల్లిన స్వెటర్: మూడు చలికాలాలు వాడాక

బెజవాడలో పెరిగినదాన్ని, ఊలు చేత పట్టింది ఢిల్లీ వచ్చాకే. డిసెంబర్ ఎండలో పార్కు బెంచీ మీద కూర్చుని అల్లుకునే పంజాబీ ఆంటీ దగ్గర సీధా, ఉల్టా (అల్లికలో రెండు మూల కుట్లు) రెండూ నేర్చుకున్నాను. సూది మీద వరసగా ఉండే ఊలు ఉచ్చుల్ని ఆవిడ ఫందాలంటారు, నేను కుట్లంటాను. ఆవిడ ముందు, వెనక, చేతులు విడివిడిగా అల్లి చివర్లో కుడతారు. నాకు ఆ కుట్టే పనంటేనే బద్ధకం. అందుకే యూట్యూబ్ చూసి, మెడ దగ్గర మొదలెట్టి గుండ్రంగా కిందికి దిగే రాగ్లాన్ స్వెటర్ (మెడ నుంచి చంకల దాకా ఏటవాలు గీతలు వచ్చే రకం) పట్టుకున్నాను, మా ఆరేళ్లవాడి కోసం.

లెక్క చిన్నదే. మెడకి 76 కుట్లు. ముందు, వెనక, చేతులు కలిసే నాలుగు చోట్ల సూదికి గుర్తు రింగులు. చుట్టు విడిచి చుట్టు, ఒక్కో రింగుకి అటూ ఇటూ ఒక్కో కుట్టు పెంచాలి, అంటే ఎనిమిది. ఇరవై సార్లు పెంచితే 236. అక్కడ చేతుల కుట్లు పాత ఊలు దారం మీదికి ఎక్కించి పక్కన పెట్టి, ఒక్కో చంక కింద ఆరు చొప్పున కొత్త కుట్లు వేసుకుని, ఒళ్లు నేరుగా అల్లుకుపోవడమే. మధ్యలో పిల్లాడికి తొడిగి చూసుకోవచ్చు.

అలా తొడిగి చూసినప్పుడే తెలిసింది, తల దూరట్లేదు! మొదటి కుట్లు మరీ బిగించి వేశాను. ఈ పద్ధతిలో ఏ తప్పునైనా కింది నుంచి విప్పుకోవచ్చు, మెడని తప్ప. అది మొదలు కదా, దాన్ని అందుకోవాలంటే మొత్తం విప్పాల్సిందే. విప్పాను. రెండోసారి ఒక నంబరు లావు సూదితో కుట్లు వేశాను, నాలుగు వేళ్ల ఎత్తు అల్లగానే వాడి తల దూర్చి చూశాను.

రెండో తప్పు, ముందుగా చిన్న నమూనా ముక్క అల్లి కొలిచి చూసుకోకపోవడం. 10 సెంటీమీటర్లకి 22 కుట్లని రాసి ఉంటే నా చేతికి 20 వచ్చాయి. 156 కుట్ల ఒళ్లు 71 సెంటీమీటర్లు రావాల్సింది 78 వచ్చింది. మా అత్తగారు చూసి "ఇందులో ఇద్దరు పడతారే" అన్నారు. ఆ వదులు వల్లే మూడేళ్లు నడిచింది, అది వేరే సంగతి.

నాకు బాగా నచ్చింది పొడవు పెంచే వీలు. రెండో ఏడు చేతులు పొట్టయ్యాయి. మణికట్టు దగ్గర ముడి విప్పి, పట్టీ ఊడదీసి, మిగిలిన ఉండతో మూడంగుళాలు అల్లి మళ్లీ పట్టీ వేశాను, రెండు చేతులకీ రెండు సాయంత్రాలు. ఆంటీ తిరగేసి చూసి ఏమీ అనలేదు, అదే మెచ్చుకోలు. మూడో ఏడు ఒంటి పొడవు పెంచబోతే పాత ఊలు అయిపోయింది. అదే రంగు అదే నంబరు కొన్నా రంగు తొట్టి (ఒకేసారి రంగు వేసిన విడత) వేరు, కింద స్పష్టంగా చార కనిపిస్తుంది. మావాడు దాన్ని డిజైన్ అని చెప్పుకుంటున్నాడు. మీరు మాత్రం ఒక ఉండ ఎక్కువే కొనండి.

కష్టమంతా చేతుల దగ్గర. పక్కన పెట్టిన కుట్లు మళ్లీ సూదికెక్కించి, ఆ చిన్న చుట్టుకొలతలో పొడవు తీగ సూదిని (తీగతో కలిపిన రెండు సూదులు) మడిచి అల్లుతుంటే స్వెటరంతా ఒళ్లో గిరగిరా తిరుగుతుంది, పిల్లిని ఒళ్లో పెట్టుకుని గోళ్లు తీసినట్టు. చంకల మూలల్లో చిల్లులు కూడా పడతాయి. అక్కడ రెండు కుట్లు అదనంగా ఎత్తి, తర్వాతి చుట్టులో పక్కదానితో కలిపేస్తే మూసుకుంటాయి. నేను మొదటి చేతికి చేయలేదు, సూదీ దారంతో లాగి కట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి, వెనక మెడ ఎత్తుగా వచ్చేలా అడ్డ వరసలు (చుట్టు పూర్తి చేయకుండా మధ్యలోనే వెనక్కి తిరిగే పొట్టి వరసలు) వేయకపోతే ముందు భాగం గొంతు మీదికి ఎక్కుతుంది. నాది ఎక్కుతుంది, వాడు రోజుకు పదిసార్లు కిందికి లాక్కుంటాడు.

ఊలు, యాక్రిలిక్ కలిపిన రకం కొన్నాను. నెలకే చంకల్లో ఉండలు కట్టింది, మోచేతులు పలచబడ్డాయి. ఇప్పుడు పెద్దవాళ్ల సైజు ఒకటి మొదలెట్టాను, మా ఆయనకి. మెడ మాత్రం ఇప్పటికే రెండుసార్లు విప్పాను.