పడగోట్టి: సముద్రం కన్నా గట్టు బాగా తెలిసిన సినిమా

1964 దీపావళికి వచ్చిన తమిళ సినిమా 'పడగోట్టి'ని (అంటే పడవ నడిపేవాడు) ఎం.జి.ఆర్. అభిమానులు చూసే తీరు వేరు, జాలరి ఇంట్లో పుట్టినవాళ్ళు చూసే తీరు వేరు. నేను రెండో రకం. మాది విశాఖ తీరం. నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్మేది. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూశాను కాబట్టి ఇక్కడ రాసిన వంకల్లో సగం ఆవిడవే.

కథ పెద్ద చిక్కుముడేం కాదు. చేపలు పట్టుకు బతికే రెండు వర్గాలు, వాటి మధ్య పాత పగ. ఒక వర్గం వాడు మాణిక్యం, అంటే ఎం.జి.ఆర్. అవతలి వర్గం పెద్దాయన కూతురు ముత్తళగి, అంటే సరోజాదేవి. వీళ్ళిద్దరూ ప్రేమించుకుంటారు. రెండు వైపులా నిప్పు రాజేసి చలి కాచుకునే జమీందారు నంబియార్. చివరికి ఏమవుతుందో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది, దానికి బాధపడాల్సిన పనీ లేదు.

సరోజాదేవి తెర మీదకి రాగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఈ పిల్ల చేతులకి ఒక్క పొలుసైనా అంటలేదేటే?" నిజమే. జుట్టు చెదరదు, చీర తడవదు. హీరో బట్టలకి ఉప్పు మరక ఉండదు. ఈస్ట్‌మన్ కలర్ కొత్తగా మెరుస్తున్న రోజులు కదా, మరకల్ని చూపించడానికి ఎవరికీ మనసొప్పి ఉండదు. పైగా కేరళ వైపు కాలువల్లో తీశారేమో, నీళ్ళు చాలాచోట్ల అద్దంలా నిలకడగా ఉంటాయి. అలల్ని దాటించి పడవని లోపలికి తొయ్యడమే మా వాళ్ళకి రోజూ పెద్ద గండం. ఆ గండం ఈ సినిమాలో సరిగా కనపడదు.

దర్శకుడు తాతినేని ప్రకాశరావు మన తెలుగువాడే, 'ఇల్లరికం' తీసినాయన. ఆ చెయ్యి ఇక్కడా తెలుస్తుంది. ఇంటి గొడవల్నీ, తండ్రి మాటకీ మనసుకీ మధ్య ఆడపిల్ల పడే నలుగుడునీ నెమ్మదిగా, అరుపులు లేకుండా నడిపిస్తాడు. ఫైటింగుల దగ్గరికొచ్చేసరికి మాత్రం సినిమా మొత్తం ఎం.జి.ఆర్. చేతుల్లోకి వెళ్ళిపోతుంది. అది ఆయన సినిమాలకి ఉన్న ఒప్పందం, తప్పుపట్టలేం.

నాకు నచ్చనిది ఇంకొకటుంది. ఇద్దరు జాలర్లు కొట్టుకుంటే వెనక ఎవడో ఒక దుర్మార్గుడు ఉండే తీరాలా? 2022 జనవరిలో మా విశాఖలో రింగు వలల మీద జాలరి పేటల మధ్య గొడవ ముదిరి పడవలు తగలబెట్టుకునే దాకా పోయింది. అక్కడ నంబియార్ ఎవడూ లేడు. రింగు వల వేసినవాడు గుంపుకి గుంపునే చుట్టి లాగేస్తాడు, మామూలు వల వాడికి ఏం మిగులుతుందన్నదే గొడవ. రెండు వైపులా అప్పులున్నాయి, రెండు వైపులా పిల్లలున్నారు. ఇలాంటి తగువుని ఒక విలన్ని కొట్టి తీర్చలేం. సినిమా ఆ వైపే చూడదు.

అయితే జమీందారు విషయంలో ఒక్కటి సరిగ్గా పట్టుకుంది. పట్టేది వీళ్ళు, లాభం తినేది గట్టు మీదవాడు. మా నాన్న కాలంలోనూ అంతే. పడవకో వలకో షావుకారి దగ్గర అప్పు తెచ్చుకుంటే సరుకు ఆయనకే వెయ్యాలి, ధర ఆయనే చెప్పాలి. మా అమ్మ ఫోను పక్కన పెట్టేసి చూసింది ఆ సీన్లే. మధ్యలో ఒకసారి జమీందారుని పచ్చిగా తిట్టింది కూడా, ఆ మాట ఇక్కడ రాయలేను.

ఇక పాటలు. అన్నీ తమిళ కవి వాలి రాశారు, సంగీతం విశ్వనాథన్–రామమూర్తి. 'తొట్టాల్ పూ మలరుమ్' ఎంత నిలబడిందంటే 2004లో ఏ.ఆర్. రెహమాన్ దాన్ని మళ్ళీ కొత్తగా చేశారు. 'కొడుత్తదెల్లామ్ కొడుత్తాన్' సగం పాట, సగం ఎన్నికల సభ. దేవుడు ఇచ్చిందంతా ఒక్కడికి కాదు, ఊరికంతటికీ అని హీరో పాడుతుంటే ఈయన తర్వాత తమిళనాడు ముఖ్యమంత్రి కావడంలో ఆశ్చర్యమేముంది అనిపిస్తుంది.

నన్ను కదలనివ్వనిది 'తరైమేల్ పిరక్క వైత్తాన్'. దేవుడు మమ్మల్ని నేల మీద పుట్టించి నీళ్ళ మీద బతకమన్నాడు, మా ఆడవాళ్ళని గట్టు మీద ఉంచి కన్నీళ్ళలో ముంచాడు అని టి.ఎం. సౌందరరాజన్ పాడతాడు. అంతవరకూ ముఖమల్ గుడ్డలా మెరిసిన సినిమాకి ఇక్కడ ఒక్కసారిగా ఉప్పు తగులుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చాక కూడా పడవ రాని రాత్రులు మా పేటలో ఎలా ఉండేవో తెలిసినవాళ్ళకి ఈ పాట గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత మన విజయనగరం సుశీల గొంతులో 'ఎన్నై ఎడుత్తు' వినండి. అదీ ఎదురుచూసే ఆడదాని పాటే. కథ మగవాళ్ళ కొట్లాటే అయినా, బరువు మోసింది ఈ రెండు పాటలు.

ఎం.జి.ఆర్. గాజులమ్మేవాడి వేషం కట్టే 'కల్యాణ పొణ్ణు' పాటకి అమ్మ పడీపడీ నవ్వింది. నాగేష్ కామెడీకి మాత్రం నవ్వలేదు, నేను కూడా. వాటిని జరిపేసినా కథకి ఏమీ కాదు.

నేను చూసిన ప్రింటులో రంగులు వెలిసిపోయి నీలం కాస్తా బూడిదయింది, సబ్‌టైటిల్స్ సగంలో ఆగిపోయాయి. మంచి ప్రింటు దొరికేదాకా ఆగగలిగితే ఆగండి. తమిళం బొత్తిగా రాకపోతే ముందు పాటలు విని, అర్థం తెలుసుకుని కూర్చోండి. అయిదుకి మూడున్నర ఇస్తాను. చేపల వాసన రాలేదని అమ్మ రెండే ఇచ్చింది.